నాలుగు వేళ్ళ నారింజ

ఆ సెప్టెంబరులో నాకు నాలుగు వందల చాపన్లకి ఆర్డరు వచ్చింది. మా కొండల ఊరు నరీన్ బజారులో ఇరవై రెండేళ్ళుగా ఉన్ని, టోపీలు, చాపన్లు అమ్ముతున్నాను. అన్ని ఒక్కసారిగా ఎవరూ అడగలేదు. పెళ్ళికి ఆరు, సంవత్సరీకానికి పది, కొత్త అధికారి వస్తే ఒకటి, అంతే. చాపన్ చూడ్డానికి పొడుగు కోటే గానీ ఎవరూ తనకి తాను కొనుక్కుని తొడుక్కోడు. పెద్దమనిషి భుజాల మీద ఇంకొకరు కప్పాలి. కప్పినప్పుడు వద్దనకూడదు, కప్పినవాడి ఎదురుగా విప్పకూడదు. ఆ కట్టుబాటు ఉన్నన్నాళ్ళే నా దుకాణం నడుస్తుంది కాబట్టి దాని విలువ నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదనుకునేదాన్ని.

ఆర్డరు తెచ్చినవాడు తలాంత్. జెబె పార్టీకి మా జిల్లాలో ప్రచారం చూసేవాడు. జెబె అంటే బాణం, రంగు నారింజ. నాలుగేళ్ళ కిందటి ఎన్నికల్లో ఇదే తలాంత్ కెరెగె, అంటే గుడారపు అల్లిక గోడ, ఆ పార్టీ కోసం నా దగ్గర నీలం జెండాలు కుట్టించుకెళ్ళాడు. అదేమిటని అడిగితే నవ్వాడు.

"అక్కా, పాత చోట బేరాలు లేకపోతే నువ్వు దుకాణం మార్చవా?"

మారుస్తాను. అందుకే ఆర్డరు రాసుకున్నాను. కెరెగెని మొదట పెట్టింది పింఛను తీసుకునే టీచర్లు కొందరు. సరిహద్దులో సరుకులు దాటించి పెరిగిన ఒకాయన దాన్ని పేరుతో, ముద్రతో, రిజిస్ట్రేషను కాగితంతో సహా కొనేసి నీలం రంగు వేయించాడు. జెబె ఒకప్పుడు తేనెటీగలు పెంచేవాళ్ళ సంఘమట. దాన్నీ ఎవరో కొన్నారు. ఇద్దరికీ చెరో టీవీ ఛానలు ఉంది. మా బజారులో కూడా బోర్డుతో సహా దుకాణాలు చేతులు మారుతుంటాయి. నాకందులో వింతేమీ కనపడలేదు.

తలాంత్‌కి ఒక చిక్కు వచ్చిపడింది. ప్రచార సమయంలో పార్టీ గుర్తుతో కానుకలు పంచితే అభ్యర్థిని పోటీలోంచి తీసేస్తారు. కానీ టీవీలో చూసేవాళ్ళకి ఆ చాపన్ ఎవరిదో తెలియాలి.

"బయట ఆచారం, లోపల పార్టీ. అట్లా కావాలి నాకు," అన్నాడు.

నేను సుద్దముక్క తీసుకుని బల్ల మీది నల్ల మఖమల్ మీద గీత గీశాను. లైనింగు నారింజ వేద్దామన్నాను. చేతుల చివర, అరచేతి వైపు, నాలుగు వేళ్ళంత చీలిక పెడతానన్నాను. చేతులు కిందికి వేలాడితే చీలిక మూసుకుని నలుపే కనపడుతుంది. భోజనాల తర్వాత పెద్దలు బాతా, అంటే దీవెన, చెప్పేటప్పుడు అందరూ అరచేతులు పైకి తెరుస్తారు కదా, అప్పుడు చీలిక విచ్చుకుని నారింజ బయటికి వస్తుంది. కెమెరా ఎలాగూ ఎదురుగానే ఉంటుంది.

తలాంత్ ఆ గీత మీద వేలు పోనిచ్చాడు. "నువ్వు ఈ బజారులో ఉండాల్సిన మనిషివి కాదక్కా," అన్నాడు.

ఆ మాట వారం రోజులు నా ఒంట్లో వెచ్చగా ఉంది. ఇప్పటికీ దాచుకోను, ఆ ఆలోచన నాదే.

నా భర్త ఇషెన్ బడిలో చరిత్ర చెప్పేవాడు. పదిహేనేళ్ళుగా మా వీధి పోలింగ్ కేంద్రానికి అధ్యక్షుడు కూడా. ఆ పదిహేనేళ్ళలో అతని కేంద్రంలో ఓట్లు రెండోసారి లెక్కపెట్టమని ఎవరూ అడగలేదు. దానికి కారణం ఎన్నికల చట్టం కాదు, మాంసం. మా వీధిలో ఎవరింట గుర్రాన్ని కోసినా, గొర్రెని కోసినా ఉడికిన మాంసం పంచడానికి కత్తి ఇషెన్ చేతికే ఇచ్చేవాళ్ళు. ఎవరి వయసుకి ఏ ఎముక, ఎవరి వరసకి ఏ ముక్క అన్నది చూసి పెట్టాలి. తుంటి ఎముక పెద్దవాళ్ళకి, తోక ఎముక ఆడవాళ్ళకి. వాటా ఒక్క ముక్క తప్పితే రెండు కుటుంబాలు పదేళ్ళు మాట్లాడుకోవు. ఇషెన్ పెట్టిన పళ్ళెంలోకి మాత్రం ఎవరూ తొంగిచూసేవారు కాదు. కబుర్లు చెప్పుకుంటూ అందుకుని తినేవాళ్ళు. ఆస్తి అని చెప్పుకోవడానికి అతనికి ఉన్నది అదొక్కటే. జీతం సంగతి నేను చెప్పను.

చాపన్ల గుట్ట ఇంట్లో పెరుగుతున్నప్పుడు ఒక సాయంత్రం టీ తాగుతూ అన్నాడు.

"నువ్వు ఎవరికి కుడుతున్నావో నేను అడగను బురుల్. నా పేరుకి మాత్రం ఆ గుడ్డ తగలనివ్వకు."

"నీ పేరుకి ఎందుకు తగులుతుంది? నీ కొలతలు కూడా తీసుకోలేదు," అన్నాను నేను.

అదే నెలలో కెరెగె వాళ్ళ ఆడవాళ్ళకి నీలం తలగుడ్డలు కూడా కుట్టించాను. రెండు రంగులూ నాకు గుడ్డే. బజారు టీ దుకాణంవాడు నాకంటే తెలివైనవాడు, ఈ మూలొక టీవీ, ఆ మూలొక టీవీ పెట్టి మధ్యలో తెర కట్టాడు. ఒకప్పుడు ఒకే కూజాలోంచి పోసుకున్నవాళ్ళు తెరకి అటూ ఇటూ కూర్చుని, ఒకే ఊరి గురించి రెండు వేరు వేరు కథలు విని లేచిపోయేవాళ్ళు. మా అత్తగారు ఇంట్లో కెరెగె ఛానలే చూసేది. ఆమెకి పార్టీ అంటే పట్టింపేమీ లేదు. అందులో వార్తలు చదివే కుర్రాడి గొంతు, పోయిన మా మావగారి గొంతులా ఉంటుందని. "నా బిడ్డ వచ్చే వేళయింది," అని టీ గిన్నె పట్టుకుని ముందు కూర్చునేది.

పోలింగుకి ఎనిమిది రోజుల ముందు సదిర్ తాత తన తమ్ముడి సంవత్సరీకం పెట్టుకున్నాడు. వీధికి ఆయనే పెద్ద, ఎనభై మూడేళ్ళు. రెండు గుడారాలు వేశారు, గుర్రాన్ని కోశారు. ఇషెన్ పొద్దున్నే తన కత్తి నూరుకుని వెళ్ళాడు. మాంసం పంచి వచ్చేస్తానని, ఫోటోలు తీసేచోట నిలబడనని నాతో చెప్పే వెళ్ళాడు.

భోజనాలు సగంలో ఉండగా జెబె అభ్యర్థి వచ్చాడు. చనిపోయినాయనకి ఏదో దూరపు వరస తీశారు. వెనకాల తలాంత్, అతని వెనక కెమెరా, ఇద్దరు మనుషుల చేతుల్లో మడతపెట్టిన నా చాపన్లు. అభ్యర్థి చనిపోయినాయన గురించి నాలుగు మంచి మాటలు చెప్పి, పెద్దలు ఏడుగురికి వరసగా చాపన్లు కప్పాడు. ఎనిమిదోది తలాంత్ చేతిలో మిగిలింది. మా ఆయన వైపు చూపించాడు.

"ఇంతమందికి చెయ్యి తడబడకుండా వడ్డించిన మాస్టారికి కప్పకపోతే పోయినాయన ఆత్మ ఊరుకుంటుందా?"

అందరూ అవునన్నారు. సదిర్ తాత కూడా తలూపాడు.

ఇషెన్ జిడ్డు చేతులతో నిలబడి ఉన్నాడు. కత్తి ఇంకా చేతిలోనే ఉంది. ఆడవాళ్ళ వరసలో అత్తగారి పక్కన ఉన్న నా వైపు చూశాడు. అతను వద్దంటే చనిపోయిన మనిషిని, సదిర్ తాతని, ఆ ఇంటిని అవమానించినట్టే. నాకు అది తెలుసు. తలాంత్ దగ్గర నాకు ఇంకా సగం సొమ్ము రావాల్సి ఉందని కూడా తెలుసు. ఆ రెండిట్లో ఏది ముందు గుర్తొచ్చిందో చాలాసార్లు తేల్చుకోవాలని చూశాను, తేలలేదు. కళ్ళు ఒక్కసారి మూసి తెరిచాను. వేసుకో, అని.

అతను కత్తి కింద పెట్టి, చేతులు తుడుచుకుని, భుజాలు వంచాడు. సదిర్ తాత చనిపోయిన తమ్ముడి కోసం బాతా మొదలుపెట్టాడు. గుడారంలో ఉన్నవాళ్ళందరం అరచేతులు తెరిచాం. ఇషెన్ కూడా తెరిచాడు. నా కుట్టు సరిగ్గానే పనిచేసింది.

ఆరు రోజులు ఏమీ జరగలేదు. పోలింగుకి రెండు రోజులుందనగా నేను మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చేసరికి అత్తగారు టీవీ ముందు కదలకుండా కూర్చుని ఉంది. టీ చల్లారిపోయింది. తెర మీద ఇషెన్ నిలబడి ఉన్నాడు, చేతులు తెరిచి, కళ్ళు మూసుకుని. అతని మణికట్ల చుట్టూ ఎర్రటి సున్నాలు గీశారు. ఆ బిడ్డ తన చక్కటి గొంతుతో చెబుతున్నాడు: ఓట్లు లెక్కపెట్టాల్సిన ఈ అధ్యక్షుడు ఎవరి గెలుపు కోసం ప్రార్థిస్తున్నాడో రంగే చెబుతోంది. చాపన్లు ఇంకా ఏడుగురి మీద ఉన్నాయి, వాళ్ళెవరినీ చూపించలేదు. సదిర్ తాత గొంతు తీసేసి పాట పెట్టారు.

ఇషెన్ బడి నుంచి వచ్చాడు. దారిలోనే ఎవరో చెప్పినట్టున్నారు, చెప్పులు విప్పకుండానే గుమ్మంలో ఆగిపోయాడు. అదే బొమ్మ మళ్ళీ వేశారు. ముగ్గురం చూశాం.

"ఇషెన్, నిజమేనా?" అంది అత్తగారు.

"అమ్మా, నువ్వూ అక్కడే ఉన్నావు. అది పోయినాయన కోసం చేసిన బాతా. నా ఎదురుగానే నీ చేతులూ తెరిచి ఉన్నాయి."

ఆవిడ చల్లారిన టీ గిన్నె చేతిలోకి తీసుకుంది. "ఉన్నాను," అంది. "కానీ ఆ అబ్బాయి ఊరికే అనడు కదా."

ఇషెన్ చెప్పులు విప్పాడు. లోపలికెళ్ళి మేకుకి తగిలించిన చాపన్ చేతిని పట్టుకున్నాడు. కిందికి వదిలితే నలుపు. అరచేతి వైపు తిప్పితే నారింజ. మూడుసార్లు తిప్పి చూశాడు.

"ఈ చీలిక ఎవరి ఆలోచన?"

"నాదే," అన్నాను.

చేతిని మడత పడకుండా జాగ్రత్తగా వదిలేసి, బడి పిల్లల పుస్తకాలు దిద్దుకోవడానికి కూర్చున్నాడు.

తర్వాతి రోజు జిల్లా ఆఫీసుకి వెళ్ళి తప్పుకుంటానన్నాడట. ఇప్పుడు తప్పుకుంటే టీవీలో చెప్పింది ఒప్పుకున్నట్టవుతుందని, కొత్తవాళ్ళని వెతికే సమయం కూడా లేదని వాళ్ళన్నారు. తలాంత్ మా ఇంటికొచ్చాడు. జెబె ఛానలుకి వచ్చి కెరెగె వాళ్ళది అబద్ధమని చెబితే, గంటకొకసారి వేస్తామన్నాడు.

"మీ ఛానల్లో కూర్చున్నరోజు ఆ చాపన్ నేను నిజంగా తొడుక్కున్నట్టే," అన్నాడు ఇషెన్. తలాంత్ నొచ్చుకోలేదు. అతనికి నొచ్చుకునే అలవాటు లేదు. వెళ్తూ వెళ్తూ మిగతా సొమ్ము నా చేతిలో పెట్టి, కుట్టు బాగుందని ఇంకోసారి మెచ్చుకున్నాడు.

పోలింగు మర్నాడు పొద్దున్న ఇషెన్ ఇంటికొచ్చేసరికి టోపీ మీద మంచు ఉంది. సంగతంతా నాకు ముక్కలు ముక్కలుగా చెప్పాడు. ఒక్కొక్క ఓటు కాగితం తలకంటే ఎత్తుకి లేపి, ముందు వెనక తిప్పి చూపించి, పేరు పైకి చదివాడట. పదిహేనేళ్ళలో అలా చెయ్యాల్సిన అవసరం రాలేదు. చివరికి ఆ కేంద్రంలో కెరెగె గెలిచింది. నలభై ఒక్క ఓట్ల తేడా. అన్ని కాగితాలూ సరిపోయాయి. కెరెగె తరఫున కూర్చున్నవాడు మా ఎదురింటి కుబాత్, బొగ్గు లారీ నడుపుతాడు. అతను ఫోన్లో మాట్లాడి వచ్చి ఫలితం కాగితం మీద సంతకం పెట్టనన్నాడు.

"గెలిచింది మీరే కదా కుబాత్," అన్నాడట ఇషెన్.

"తెలుసు మాస్టారూ. కానీ ఈ కేంద్రం చెడిపోయిందని ఇప్పటికే టీవీలో చెప్పేశారు. ఇప్పుడు బాగుందంటే మావాళ్ళు అబద్ధమాడినట్టవుతుంది."

ఆ కేంద్రం ఓట్లన్నీ వారంలో రద్దయ్యాయి. వెయ్యి మందికి పైగా మనుషులు వేసినవి. జెబె వాళ్ళు కూడా ఇషెన్‌ని వదల్లేదు. తమ చాపన్ కప్పుకుని కెరెగెకి లెక్కపెట్టాడన్నారు. దేశంలో ఎవరు గెలిచారన్నది మీ టీవీని బట్టి ఉండేది. రాజధానిలో జనం చౌరస్తాల్లో కూర్చున్నారు, కొట్టుకున్నారు, ఒక కుర్రవాడు చచ్చిపోయాడు. ఆ కుర్రవాడు తమవాడేనని రెండు ఛానళ్ళూ చెప్పాయి.

నవంబరులో మా వీధిలో ఒక పెళ్ళి, ఒక పురుడు, ఒక చావు వచ్చాయి. మూడిటికీ మమ్మల్ని పిలిచారు. ఇషెన్ మూడిటికీ కత్తి నూరుకుని వెళ్ళాడు. మూడిటిలోనూ కత్తి పట్టింది వేరేవాళ్ళు. ఎవరూ అతన్ని ఏమీ అనలేదు. "మాస్టారూ, మీరు అలిసిపోయి ఉంటారు, కూర్చోండి," అన్నారు, అంతే. మూడోసారి తర్వాత అతను కత్తి నూరడం మానేశాడు.

నేను వ్యాపారం చేసేదాన్ని. పోయిన సరుకుని ఎంతో కొంతకి తిరిగి తెచ్చుకోవచ్చని నమ్మేదాన్ని. డిసెంబరులో ప్రతి ఇంట్లోనూ చలికాలానికి గుర్రాన్ని కోసి ఇరుగుపొరుగుని పిలుస్తారు. ఏటా మేము చిన్నదాన్ని కోసేవాళ్ళం. ఆ ఏడు చాపన్ల మీద వచ్చిన దాంట్లోంచి బలిసిన గుర్రాన్ని కొన్నాను. ఇటువాళ్ళనీ అటువాళ్ళనీ అందరినీ పిలిచాను. మన ఇంట్లో కత్తి నువ్వు కాక ఎవరు పడతారు, ఒక్కపూట తిని వెళ్తే అంతా సర్దుకుంటుందని ఇషెన్‌కి చెప్పాను. సరేనన్నాడు. ఆ పొద్దున మళ్ళీ రాయి మీద కత్తి చప్పుడు వినపడితే నాకు ప్రాణం లేచి వచ్చింది.

పద్నాలుగు మంది వచ్చారు. సదిర్ తాత పై చోట కూర్చున్నాడు. కుబాత్ గుమ్మం దగ్గర. మాంసం ఉడికిన వాసనతో ఇల్లంతా నిండిపోయింది. అత్తగారు పక్కగదిలో టీవీ పెట్టుకుంది, తలుపు తెరిచే ఉంది. ఆ రోజే రెండు పార్టీలూ కలిసి ప్రభుత్వం పెడుతున్నాయని వార్త. కెరెగె కొన్నాయన, జెబె కొన్నాయన పక్కపక్కన నిలబడి, ఒకరి భుజాల మీద ఒకరు చాపన్లు కప్పుకుంటున్నారు. అరచేతులు తెరిచి బాతా అందుకున్నప్పుడు చీలికలోంచి సగం నీలం, సగం నారింజ కనపడ్డాయి. నా కుట్టు కాదు, నా గీత. తలాంత్ ఎక్కడో పెద్దగా కుట్టించాడన్నమాట.

అందరూ అది చూశారు. ఇక తగువు తీరినట్టేనని నేనూ అనుకున్నాను. ఎవరూ నవ్వలేదు. చూపులన్నీ తెర మీంచి ఇషెన్ చేతుల మీదికి వచ్చాయి. అతను పళ్ళేల్లో ముక్కలు పెడుతున్నాడు. ఒక్కొక్కరూ తన పళ్ళెం చూసుకుని, పక్కవాడి పళ్ళెం చూశారు. మా ఇంట్లో అలా చూడటం అదే మొదలు.

కుబాత్ పళ్ళెం అందుకుని చేత్తో పైకి కిందికి ఆడించాడు. నవ్వుతూనే అన్నాడు.

"నాది తేలిగ్గా ఉందేం మాస్టారూ? నీలం వాళ్ళకి తక్కువా?"

ఒకరిద్దరు నవ్వారు. అది హాస్యమే. లారీవాళ్ళు అంతకంటే మోటుగా మాట్లాడుతుంటారు. ఇషెన్ ఏదో ఒకటి అని తిప్పికొడతాడనుకున్నాను, పూర్వం అలాగే చేసేవాడు. అతను కత్తి కింద పెట్టి లేచాడు. వసారాలోకి వెళ్ళి, నేను గొర్రెలకాపరుల దగ్గర ఉన్ని కొనే కాటా ఎత్తుకొచ్చి, కింద పరిచిన భోజనాల గుడ్డ మధ్యలో పెట్టాడు. అందరి పళ్ళేలూ తిరిగి తీసుకున్నాడు. మాంసం ఎముకల నుంచి ఊడదీసి, ఒక్కొక్క వాటా తూచి, ముల్లు నిలిచేదాకా ఆగి, అంకె పైకి చదివాడు. ఓట్లు చదివినట్టే. ఎనిమిది వందల గ్రాములు. ఎనిమిది వందల గ్రాములు. ఒక ముక్క ఎక్కువైతే తీశాడు, తక్కువైతే చిటికెడు వేశాడు. పద్నాలుగు సార్లు. ఎవరూ ఆపలేదు. ఆపాల్సింది నేను. నేను బజారులో రోజుకి నలభై సార్లు చూసే ముల్లు అది, ఆ రోజు దాని వంక చూడలేకపోయాను.

సదిర్ తాత ముందు కూడా అదే ఎనిమిది వందల గ్రాముల పళ్ళెం పెట్టాడు. తుంటి ఎముక లేదు. ఎవరి ఎముకా ఎవరికీ లేదు. అందరిదీ ఒకటే కుప్ప. ముసలాయన దాన్ని చూస్తూ కూర్చున్నాడు.

"ఇందులో నా వయసు ఎంత తూగింది ఇషెన్?" అన్నాడు మెల్లగా.

ఇషెన్ కాటా ముల్లు వంక చూశాడు. తాత మాంసం ముట్టుకోకుండా, బాతా చెప్పకుండా, కర్ర పట్టుకుని లేచాడు. ఆయన లేచాక ఇంకెవరూ చేతులు తెరవలేదు. కుబాత్ మాత్రం గుమ్మంలో చాలాసేపు నిలబడి చెప్పులు వెతుక్కున్నాడు.

ఇషెన్ కాటా పళ్ళెం వేడినీళ్ళతో కడిగి, తుడిచి, వసారాలో దాని చోట దాన్ని పెట్టాడు. ఆ ఏడే బడి మానేసి, పై గడ్డి మైదానాల్లో మా బావగారి గుర్రాల దగ్గరికి వెళ్ళిపోయాడు. నెలకోసారి దిగి వస్తాడు. కత్తి ఇక్కడే ఉంది, కూరగాయలకి వాడుకుంటున్నాను.

ఇప్పుడు మా వీధిలో ఎవరింట మాంసం కోసినా ముందు నా ఇంటికి మనిషి వస్తాడు, కాటా కోసం. పండక్కి, పెళ్ళికి, చావుకి కూడా. ఇస్తాను. నాది మంచి కాటా, గ్రాము తేడా రాదు. గుడ్డ మధ్యలో పెడతారు. పెద్దలూ పిల్లలూ అందరూ దాని చుట్టూ కూర్చుంటారు. ముల్లు నిలిచేదాకా ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు.